గదిని కాదు, వాలుని బుక్ చేసుకోండి: నెల్లూరు, ఒంగోలు వాళ్లకు స్కీ రిసార్ట్ ఎంపిక మార్గదర్శి

డిసెంబరు, జనవరుల్లో ఉత్తరాది చలికి తాళలేక బాతులు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి పులికాట్ సరస్సులో దిగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మేం ఆరుగురం నెల్లూరు నుంచి సూట్‌కేసుల నిండా స్వెట్టర్లు కుక్కుకుని హిమాలయాలకు బయల్దేరాం. "పక్షికున్న తెలివి కూడా మనకు లేదు గదా" అని మా అత్తయ్య స్టేషన్లోనే అనేసింది. ఆ ట్రిప్పులో ఆమె మాటే నెగ్గింది. మనాలీ వైపు ఒక హోటల్ వాళ్లు పంపిన ఫొటోలో కిటికీ అవతల తెల్లటి కొండ ఉంది. అది చూసి డబ్బు కట్టేశాం. కొండ నిజంగానే కనపడింది. దాని దగ్గరికి పోవడానికి మాత్రం రోజూ రెండు గంటలు కార్ల వరసలో కూర్చున్నాం. అయిదు రోజుల్లో స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, కాళ్లకు తగిలించుకున్నది మొత్తం కలిపి నలభై నిమిషాలు. అందులో సగం ఫొటోలకే పోయింది.

మరుసటి ఏడాది ఒంగోలులో ఉండే మా బావ పట్టుబట్టి మళ్లీ లాక్కెళ్లాడు. ఈసారి ముందు వాలు ఎంచుకున్నాం, ఆ వాలుకి నడిచిపోయే దూరంలో గది వెతుక్కున్నాం. తేడా అంతా అక్కడే వచ్చింది. ఆ రెండు ట్రిప్పుల్లో నేర్చుకున్నదీ, ఆ తర్వాత అడిగి తెలుసుకున్నదీ చేయాల్సిన వరసలోనే రాస్తున్నాను.

1. మంచు చూడ్డానికా, స్కీయింగ్‌కా?

ఈ ప్రశ్న ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి. మంచులో దొర్లి, ఉండలు చేసి విసురుకుని, నాలుగు ఫొటోలు దిగితే చాలనుకునేవాళ్లకు స్కీ రిసార్ట్ అక్కర్లేదు. మంచు పడ్డ ఏ కొండ ఊరైనా ఒక పూటకి సరిపోతుంది. స్కీయింగ్ నేర్చుకోవాలంటే మంచు మీద కనీసం నాలుగు రోజులు కావాలి. మొదటి రోజు పడటం, లేవడంతోనే సరి. రెండో రోజు ఆగడం వస్తుంది. మూడో రోజు మలుపు తిరగడం. నాలుగో రోజుకి గానీ సరదా మొదలవదు. రెండు రోజుల ప్యాకేజీలో "స్కీయింగ్ కూడా ఉంది సార్" అంటే స్కీలు తొడుక్కుని ఫొటో దిగడమని అర్థం చేసుకోండి.

మన కుటుంబాల్లో ఎప్పుడూ రెండు రకాలూ ఉంటారు. ఇద్దరు కుర్రాళ్లు స్కీలంటారు, పెద్దవాళ్లు వేడి టీ తాగుతూ కూర్చోవాలంటారు, పిల్లలకు మంచు మీద లాగే స్లెడ్జి బండి చాలు. అలాంటి గుంపుకి నేర్చుకునే వాలు, టీ దొరికే చోటు ఒకదానికొకటి కనపడేంత దగ్గరగా ఉండాలి. పెద్దవాళ్లను హోటల్లో వదిలి మీరు కొండెక్కితే మధ్యాహ్నానికల్లా ఫోన్లు మొదలవుతాయి.

అసలు చలే తెలియని పిల్లలుంటే, ఈలోగా హైదరాబాద్ వెళ్లే పనిపడితే స్నో వరల్డ్‌లో ఒక గంట తిప్పండి. అక్కడ స్కీయింగ్ రాదు గానీ, చేతి గ్లవ్స్ తడిస్తే ఎవరు ఎంతసేపట్లో ఏడుస్తారో తెలిసిపోతుంది.

2. తేదీలు: సంక్రాంతితో వచ్చే చిక్కు

మనకు కుటుంబమంతా కదలడానికి వీలయ్యే సెలవులు సంక్రాంతివే. ఫిబ్రవరి చివర్లో ఇంటర్ పరీక్షల టెన్షన్ మొదలవుతుంది, మార్చిలో పదో తరగతి. మంచు మాత్రం మన పంచాంగం చూసుకుని పడదు.

కాశ్మీర్లో డిసెంబరు 21 నుంచి 40 రోజులను చిల్లై కలాన్ అంటారు. గడ్డు చలికాలం అదే. లెక్క ప్రకారం సంక్రాంతి దాని నడిమధ్యలో వస్తుంది కాబట్టి మంచు దండిగా ఉండాలి. కానీ 2024 జనవరిలో గుల్మర్గ్ మైదానంలో మంచుకి బదులు ఎండిన గడ్డి కనపడింది. మంచు జనవరి ఆఖర్లో గానీ పడలేదు. 2025లో ఫిబ్రవరి చివర్లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. దేశంలోని క్రీడాకారుల పోటీలకే ఆ గతి పట్టినప్పుడు మన నాలుగు రోజుల సెలవుకి గ్యారంటీ ఎవరిస్తారు?

ఆ మంచు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. మనకు అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఎట్లా వానలొస్తాయో, హిమాలయాలకు చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే గాలి వ్యవస్థలు అట్లాగే మంచు తెస్తాయి. వీటిని వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. ఒకటి వచ్చిపోయిన తర్వాత రెండు మూడు రోజులు స్కీయింగ్‌కి బంగారంలాంటివి. అది వచ్చే రోజు మాత్రం దారులు మూసుకుపోతాయి, విమానాలు రద్దవుతాయి. తుపాను హెచ్చరికల్లో నంబర్లు చదవడం మన తీరం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అదే వాతావరణ శాఖ వెబ్‌సైట్లో జమ్మూ కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ బులెటిన్లు కూడా ఉంటాయి. బయల్దేరే ముందు పది రోజుల పాటు రోజూ చూడండి.

నా లెక్క ఇది. పిల్లల బడి అడ్డం లేనివాళ్లు ఫిబ్రవరి మొదటి మూడు వారాల్లో వెళ్లండి. సంక్రాంతికే వెళ్లక తప్పనివాళ్లు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదే తీసుకోండి, రెండొందలు ఎక్కువైనా సరే. క్రిస్మస్‌కి మాత్రం స్కీయింగ్ ఆశతో పోవద్దు. అప్పటికి మంచు పడినా గడ్డి, రాళ్లు మునిగేంత మందం చాలాసార్లు ఉండదు.

3. వాలుని చదవడం

రిసార్ట్ పేజీలో మొదట చూడాల్సింది ఎత్తు. అయితే ఒక్క ఎత్తు కాదు, రెండు: నేర్చుకునే వాలు ఎంత ఎత్తులో ఉంది, మనుషుల్ని కొండపైకి చేర్చే లిఫ్ట్ చివరి స్టేషన్ ఎంత ఎత్తులో ఉంది. మన తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు. హార్స్‌లీ హిల్స్ 1,300 లోపే. గుల్మర్గ్ మైదానం 2,650 మీటర్ల దగ్గర ఉంది. అక్కడి గొండోలా కేబుల్ కార్ రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకుపోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది, నిజమే. కింద గడ్డి కనపడే రోజుల్లో కూడా పైన తెల్లగానే ఉంటుంది. మెలిక ఏమిటంటే, ఆ పైనున్న మంచు మీకు పనికిరాదు. అక్కడ చదును చేసిన ట్రాక్ ఉండదు, వాలు నిట్టనిలువు, మంచు చరియలు విరిగిపడే చోటు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. వాళ్లు మనలా మొదటిసారి స్కీలు తొడిగినవాళ్లు కాదు. కాబట్టి మంచు ఉందా అని ఊరికే అడగకండి. నేర్చుకునే వాలు మీద మంచు ఎంత ఉందో అడగండి.

రెండోది లిఫ్ట్. వాలు దిగడానికి ఒక నిమిషం పడుతుంది. లిఫ్ట్ లేకపోతే స్కీలు భుజాన వేసుకుని మళ్లీ ఎక్కడానికి పదిహేను నిమిషాలు. మధ్యాహ్నానికల్లా కాళ్లు మొండికేస్తాయి. చిన్న తాడు లిఫ్ట్ ఉన్నా చాలు, రోజుకి దిగే సార్లు అయిదు రెట్లు పెరుగుతాయి. అది ఈ సీజన్లో నడుస్తోందా అని కూడా అడగాలి, లిఫ్ట్ ఉండటం వేరు, నడవడం వేరు.

మూడోది గుర్రాలు, స్లెడ్జి బండ్లు, మంచు స్కూటర్లు ఆ వాలు మీదే తిరుగుతాయా అన్నది. నేర్చుకునేవాడికి ఆగడం రాదు. ఎదురుగా గుర్రం వస్తే ఇద్దరికీ ప్రమాదమే. మొదటి ట్రిప్పులో నేను ఢీకొట్టింది మొక్కజొన్న కంకులు కాల్చే బండిని. కంకులాయన నన్ను లేపి, దులిపి, ఒక కంకి అమ్మి మరీ పంపాడు.

విదేశీ రిసార్టుల మ్యాపుల్లో వాలులకు రంగులుంటాయి. యూరప్ పద్ధతిలో తేలిక వాలు ఆకుపచ్చ లేదా నీలం, ఆపైన ఎరుపు, కష్టమైనది నలుపు. అమెరికాలో ఎరుపు ఉండదు, నీలం మధ్య రకం. మ్యాపులో మీ రంగు గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నల్ల గీతలు యాభై ఉన్నా మనకు ఒరిగేదేమీ లేదు.

4. ఇక ఊళ్లు

గుల్మర్గ్. మొదటిసారి వెళ్లే కుటుంబానికి నేను చెప్పేది ఇదే. మైదానం గిన్నెలాగా ఉంటుంది. అంచుల్లో మెల్లని వాలులు, వాటి చుట్టూ హోటళ్లు, టీ కొట్లు. పెద్దవాళ్లు కూర్చున్నచోటి నుంచి పిల్లలు కనపడతారు. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఇక్కడే ఉంది, కోర్సులు నడుపుతుంది. గొండోలా మొదటి దశ కొంగ్‌డూరీ వరకూ పోతుంది. కాస్త ఆగడం వచ్చాక మూడో రోజో నాలుగో రోజో అక్కడికెళ్లొచ్చు, అది కూడా శిక్షకుడితోనే. గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, అప్పటికప్పుడు దొరుకుతాయనుకుంటే నిరాశే. ఒక సంగతి మర్చిపోకండి, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్లో పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఔలీ. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో, జోషీమఠ్ పైన ఉంది. 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య ఓక్, దేవదారు చెట్ల నడుమ పొడవాటి వాలు, ఎదురుగా నందాదేవి. నేర్చుకోవడానికి వాలు బాగుంటుంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు వారం, రెండు వారాల కోర్సులు నడుపుతారు, స్కీలు, వసతి అందులోనే. ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్లే కుర్రాళ్లకు ఇంతకన్నా పొదుపైన దారి లేదు. చిక్కల్లా చేరుకోవడంలోనే. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారాక అక్కడి నుంచి ఔలీకి పోయే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆపేశారు. దాని భరోసా పెట్టుకోకుండా రోడ్డు లెక్కే వేసుకోండి. గట్టిగా మంచు పడితే ఆ రోడ్డూ ఆగిపోతుంది.

ఔలీకి మన పెద్దవాళ్లను ఒప్పించడం మాత్రం తేలిక. చలికాలం బదరీనాథ్ గుడి మూసేస్తారు, ఆ ఆరు నెలలూ పూజలు కిందికి వస్తాయి, జోషీమఠ్ నరసింహస్వామి గుడిదే ముఖ్యమైన పాత్ర. పెంచలకోనకో, మాలకొండకో, సింగరాయకొండకో ఏటా వెళ్లే ఇంట్లో "అక్కడ కూడా మన నరసింహుడే" అంటే సగం పర్మిషన్ వచ్చేసినట్టే. మా బావ ఇప్పుడు ఇదే అస్త్రం సిద్ధం చేసుకుని ఉన్నాడు.

సోలాంగ్. మనాలీ నుంచి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. జనం ఎక్కువ, వాలు చిన్నది. మంచు చూడ్డానికి భేష్. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక అవతలి సిస్సూ వైపు కూడా పోవచ్చు, అక్కడ మంచు ఎక్కువ. నిజంగా నేర్చుకోవాలంటే మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ సోలాంగ్‌లో నడిపే కోర్సులో చేరాలి. విడిగా వెళ్లి రోడ్డు పక్కన స్కీలు అద్దెకి తీసుకుంటే మాకు జరిగిందే జరుగుతుంది.

నార్కండా, కుఫ్రీలను సిమ్లా చూడ్డానికి పోయినవాళ్లు పక్కన కలుపుకోవచ్చు. వాటికోసమే ఇంత దూరం పోనక్కర్లేదు.

పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఒకసారి కజకిస్తాన్ వైపు కూడా చూడండి. భారతీయులు 14 రోజుల వరకూ వీసా లేకుండా వెళ్లొచ్చు. అల్మాటీ నగరం చివరన మెదేవు నుంచి కేబుల్ కార్ ఎక్కితే షింబులాక్ రిసార్ట్, కింద సుమారు 2,260, పైన 3,200 మీటర్లు. ట్రాక్‌లు మెషీన్లతో చదును చేసి ఉంచుతారు, స్కీ స్కూల్ ఉంటుంది, అద్దె సామాను శుభ్రంగా ఉంటుంది. రాత్రికి నగరంలోనే బస. ఢిల్లీ నుంచి విమానం దాదాపు నాలుగు గంటలు. అక్కడ ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి మీ వీధిలో అడిగినా ఎవరో ఒకరు తగులుతారు. ఇద్దరే వెళ్తూ వారం రోజులు గట్టిగా నేర్చుకోవాలనుకుంటే ఖర్చు గుల్మర్గ్‌తో పోల్చి చూడండి, అనుకున్నంత తేడా ఉండకపోవచ్చు. ఆరుగురి కుటుంబానికి మాత్రం టికెట్ల దగ్గరే లెక్క తప్పుతుంది.

5. చివరి పదిహేను కిలోమీటర్లు

నెల్లూరుకీ, ఒంగోలుకీ విమానాశ్రయం లేదు. నెల్లూరు వాళ్లకు చెన్నై, ఒంగోలు వాళ్లకు గన్నవరం. అక్కడి నుంచి ఢిల్లీ, మళ్లీ శ్రీనగర్. ఢిల్లీలో పొగమంచు, శ్రీనగర్‌లో మంచు, రెండూ జనవరిలో విమానాలను ఆపేవే. రెండు విమానాలకు మధ్య గంటన్నర వ్యవధి పెట్టుకుని ధీమాగా ఉండకండి. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతిది చూపించే బాధ్యత కంపెనీది.

రైలంటే ఇష్టమున్నవాళ్లకు జీటీ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ఆగుతుంది, ఒకటిన్నర రోజులో ఢిల్లీ. చెన్నై నుంచి కట్రా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా మన లైను మీదే. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది, చీనాబ్ వంతెన మీదుగా మూడు గంటలు. వైష్ణోదేవి దర్శనం చేసుకుని అటే కాశ్మీర్ పోవచ్చన్న మాట. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సంక్రాంతి టికెట్ కావాలంటే నవంబరు రెండో వారంలో పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

ఇదంతా తేలికైన భాగం. అసలు ప్రయాణం చివరి పదిహేను కిలోమీటర్లలో ఉంటుంది. శ్రీనగర్ నుంచి గుల్మర్గ్ యాభై కిలోమీటర్లే. తంగ్‌మర్గ్ దాకా మామూలు కారు పోతుంది. మంచు పడితే అక్కడి నుంచి పైకి టైర్లకు గొలుసులు కట్టిన బండో, ఫోర్ బై ఫోరో ఉండాలి. సోలాంగ్‌కి ముందు కూడా ఇదే వరస. ఔలీకైతే రిషీకేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు, కొండ దారిలో తొమ్మిది పది గంటలు. తెల్లవారకముందే బయల్దేరాలి, చీకటి పడ్డాక ఆ ఘాట్‌లో నడపకూడదు. ప్లాన్లో ఒక రోజు ఖాళీగా వదిలేయండి. దారి మూసుకుపోతే ఆ రోజు పనికొస్తుంది, మూసుకుపోకపోతే ఇంకో రోజు స్కీయింగ్ చేసుకోవచ్చు.

6. హోటల్‌కి ఫోన్

మెసేజ్‌లు కాదు, ఫోన్ చేయండి. మా బావ గుల్మర్గ్‌కి చేసిన ఫోన్ నా పక్కనే స్పీకర్లో నడిచింది. ఆయన హిందీ ఒంగోలు హిందీయే గానీ ప్రశ్నలు గట్టివి.

"నేర్చుకునే వాలుకి నడిచిపోవచ్చా?"

"దగ్గరే సార్."

"దగ్గరంటే? బూట్లు వేసుకుని, స్కీలు మోసుకుని ఎన్ని నిమిషాలు?"

అవతల కాసేపు నిశ్శబ్దం. "ఇరవై నిమిషాలు." ఆ హోటల్ అక్కడే పోయింది. స్కీ బూట్లలో ఇరవై నిమిషాల నడక అంటే ఎడ్ల బండి చక్రాలు కాళ్లకు కట్టుకుని నడిచినట్టే. మూడో హోటల్ వాళ్లు "అయిదు నిమిషాలు, వీడియో పంపుతాను" అన్నారు. పంపారు కూడా. అదే తీసుకున్నాం.

గది వేడి గురించి "హీటర్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే చెప్తారు. రాత్రంతా నడుస్తుందా, కరెంటు పోతే జనరేటర్ మీద హీటర్ పనిచేస్తుందా, పక్క మీద ఎలక్ట్రిక్ దుప్పటి ఉంటుందా, వేడి నీళ్లు ఏ వేళల్లో వస్తాయి అని విడివిడిగా అడగాలి. జనవరిలో గుల్మర్గ్ రాత్రులు సున్నాకి బాగా దిగువన ఉంటాయి. మనం ఇరవై డిగ్రీలకే మఫ్లర్ చుట్టుకునే జాతి. ఇంకొక్క మాట, బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించుకుని నిద్రపోవద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రైస్ కుక్కర్ పట్టుకుపోదామని మా అత్తయ్య ఆలోచన. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 91 డిగ్రీలకే మరిగిపోతాయి, అన్నం పలుకు పలుకుగా మిగిలిపోతుంది. హోటల్లో ప్రెషర్ కుక్కర్ అన్నం దొరుకుతుంది. కందిపొడి, ఆవకాయ, నెయ్యి తీసుకెళ్తే చాలు. నెయ్యి సీసాలో రాయిలా గడ్డకడుతుంది, వెడల్పు మూత డబ్బాలో పోసుకోండి.

7. శిక్షకుడు, బూట్లు

బండి దిగగానే పదిమంది చుట్టుముడతారు, గుర్రం, స్లెడ్జి, స్కీ, గైడ్ అంటూ. అక్కడ ఏదీ మాట్లాడుకోకండి. శిక్షకుడిని ముందే కుదుర్చుకుని, రోజుకి ఎన్ని గంటలు, ఒక శిక్షకుడికి ఎంతమంది, స్కీల అద్దె కలిపా విడిగానా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. ఏ సంస్థలో శిక్షణ పొందాడో అడిగితే మంచివాళ్లు ఏమీ అనుకోరు, కార్డు చూపిస్తారు. ఒక శిక్షకుడి దగ్గర నలుగురు మించి నేర్చుకోవడం దండగ. మొదటి రోజే "పైకి పోదాం సార్, వ్యూ బాగుంటుంది" అనేవాడు మీకు పాఠం చెప్పడు.

ఇక బూట్లు. రిసార్ట్ ఎంత మంచిదైనా బూటు సరిపోకపోతే ట్రిప్పు ముగిసినట్టే, అందుకే దీనికి గంటయినా పట్టనివ్వండి. స్కీ బూటు సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. ఇంట్లో గోడకి మడమ ఆనించి నిలబడి కొలుచుకుని రాసుకుపోండి. సాక్స్ ఒక్క జతే, మోకాలి కిందిదాకా వచ్చే ఉన్నివో, సింథటిక్‌వో. రెండు జతలు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు, రక్తం ఆడక వేళ్లు ఇంకా ముందే మొద్దుబారతాయి. కాలు లోపల పెట్టాక మడమని నేలకేసి రెండుసార్లు గట్టిగా కొట్టండి, అది వెనక్కి సర్దుకుంటుంది. ఆ తర్వాతే బకిల్స్ బిగించాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకి ఆనాలి. మోకాళ్లు వంచి ముందుకి ఒరిగితే వేలు కొంచెం వెనక్కి రావాలి, పిక్క ముందు ఎముక బూటు నాలుకని నొక్కాలి, మడమ పైకి లేవకూడదు. లేస్తే సైజు పెద్దది. చిన్నది అడగండి, షాపువాడు విసుక్కున్నా సరే. లోపల చెయ్యి పెట్టి తడి ఉందా చూడండి. మొదటి ట్రిప్పులో నాకిచ్చిన బూట్లు అంతకుముందు ఎవరో విప్పినవి, లోపల చెమ్మ. మధ్యాహ్నం దాకా నా పాదాలు నావి కావు.

బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవాన్ని బట్టి పెడతారు. పడినప్పుడు అది ఊడిపోవాలి, లేకపోతే మోకాలు మెలిపడుతుంది. అందుకని బరువు అడిగితే నిజం చెప్పండి. నేను పక్కన జనం ఉన్నారని అయిదు కిలోలు తగ్గించి చెప్పాను. ఆ పూటంతా మలుపు తిరగబోయినప్పుడల్లా స్కీ ఊడిపోయి నాకన్నా ముందే కిందికి చేరేది. మొదటిసారివాళ్లకు స్కీ పొడవు నిలబెడితే ఛాతీకీ గడ్డానికీ మధ్య వస్తే మేలు. హెల్మెట్ అడిగి మరీ తీసుకోండి.

మొదటి పాఠంలో నేర్పేది స్నో ప్లో. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు ఎడంగా, పైనుంచి చూస్తే గుడిసె కప్పులా. గుడిసెని వెడల్పు చేస్తే వేగం తగ్గుతుంది. పడిపోతానని తెలిసినప్పుడు పక్కకి, కొండ వైపుకి కూలబడటం మేలు. వెనక్కి కూర్చుంటే స్కీలు ఇంకా వేగంగా పోతాయి.

8. ఒళ్లు సిద్ధం చేయడం

బయల్దేరడానికి ఆరు వారాల ముందు నుంచే మొదలుపెట్టండి. గోడకి వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు గాల్లో కూర్చోవడం, ముప్పై సెకన్లతో మొదలుపెట్టి రెండు నిమిషాల దాకా. నెల్లూరు వాళ్లు మైపాడులో, ఒంగోలు వాళ్లు కొత్తపట్నంలో ఇసుకలో నడవండి. ఆదివారం నరసింహకొండ మెట్లు ఎక్కి దిగండి. దిగడమే ముఖ్యం, స్కీయింగ్‌లో పనిచేసేవి ఆ కండరాలే.

సముద్రం ఒడ్డు నుంచి ఒక్క రోజులో 2,600 మీటర్లకు చేరతాం కాబట్టి మొదటి రోజు తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ రోజు ఊరికే తిరగండి, నీళ్లు తాగుతూ ఉండండి, మద్యం జోలికి పోవద్దు. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం మొదలైతే ఆలోచించకుండా కిందికి దిగాలి. అఫర్వత్ స్టేషన్ దగ్గర గాలి మన ఊళ్లో పీల్చేదానిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా రెండో దశ టికెట్ కొనొద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దాన్ని సూట్‌కేసులో కాదు, లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

ఎండ సంగతి మనకు తెలుసనుకుంటాం. కొత్త మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, అంటే ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు అడుగున కూడా రాసుకోండి. గాగుల్స్ లేకుండా ఒక పూట ఉంటే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టుంటుంది.

9. బట్టలు, ఇన్సూరెన్సు

జీన్స్, కాటన్ బనీన్లు వద్దు, తడిస్తే ఆరవు. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చని కోటు, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. పై రెండూ అక్కడ అద్దెకి దొరుకుతాయి. థర్మల్స్, సాక్స్, గ్లవ్స్ మాత్రం సొంతం కొనండి. గ్లవ్స్ రెండు జతలు.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు "స్కీయింగ్ కవర్ అవుతుందా" అని అడిగి, పాలసీ కాగితంలో ఆ పదం చూసేదాకా డబ్బు కట్టొద్దు. సాహస క్రీడలు వర్తించవని చిన్న అక్షరాల్లో రాసే పాలసీలు చాలానే ఉంటాయి.

10. ఆఖరి అయిదు రోజులు

అయిదు రోజుల ముందు మూడు ఫోన్లు చేయండి. శిక్షకుడికి చేసి, నేర్చుకునే వాలు మీద ఇవాళ నిలబడి వీడియో తీసి పంపమనండి. హోటల్‌కి చేసి లిఫ్ట్ నడుస్తోందా అడగండి. డ్రైవర్‌కి చేసి గొలుసులున్నాయా అడగండి. వీడియోలో గడ్డి కనపడి, వాతావరణ శాఖ బులెటిన్లో వారం దాకా మంచు జాడ లేకపోతే గది రద్దు చేసేయండి.

రెండో ట్రిప్పులో మాకొచ్చిన వీడియో పదకొండు సెకన్లు. శిక్షకుడు కర్ర ఒకటి మంచులో గుచ్చి, అది ఎంత లోతు దిగిందో మోకాలితో కొలిచి చూపించాడు. మా బావ ఆ వీడియోని అత్తయ్యకి పంపించాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"ఆ అబ్బాయి చేతికి గ్లవ్స్ లేవేందయ్యా? ఇంకో జత సర్దండి, పాపం."